వైడల్ చూసి టైఫాయిడ్ అన్నారు, తీరా స్క్రబ్ టైఫస్: పొరపాటా, నిర్లక్ష్యమా?

కోనసీమ వకీలు: వైడల్ (టైఫాయిడ్‌కి చేసే రక్తపరీక్ష) పాజిటివ్ అని ఐదు రోజులు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. జ్వరం దిగదు, ఆయాసం మొదలవుతుంది, అప్పుడు కాకినాడ పంపుతారు. అక్కడ స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) అని తేలుతుంది. ముమ్మాటికీ నిర్లక్ష్యమే.

భీమవరం ల్యాబ్: టైటర్, అంటే రక్తాన్ని ఎంత పల్చన చేసేదాకా పాజిటివ్ వచ్చిందనే లెక్క, ఎంతండీ? 1:80 అయితే మన దగ్గర ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ వస్తుంది. స్లైడ్ మీద చేశారా, ట్యూబ్‌లోనా?

అమలాపురం డాక్టర్: రెండు జ్వరాలూ తలనొప్పి, ఒళ్లునొప్పులతోనే మొదలవుతాయి. స్క్రబ్‌ని పట్టే ఐజీఎం రక్తపరీక్ష కూడా తొలి రోజుల్లో నెగటివ్ రావచ్చు. అంచనా తప్పిన ప్రతిసారీ నేరమంటే వైద్యం చేసేదెవరు? తీవ్ర నిర్లక్ష్యం ఉంటేనే క్రిమినల్ కేసని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది.

తణుకు రైతు: బిల్లు మాత్రం ఎప్పుడూ తప్పదు.

భీమవరం ల్యాబ్: టైటర్ ఎవరూ చెప్పరేం? అసలు యాంటీబయాటిక్ మొదలెట్టకముందే బ్లడ్ కల్చర్‌కి (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షకి) రక్తం తీయాలి.

కోనసీమ వకీలు: డాక్టర్ గారూ, జైలు మాట నేనెత్తానా? నేనడిగేది పరిహారం. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికొస్తుందని 1995లోనే తేలింది. మలేరియాకి టైఫాయిడ్ మందులిచ్చిన హైదరాబాద్ కేసులో, ప్రతిదానికీ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టే అంది.

అమలాపురం డాక్టర్: మీరు పరిహారమనే అంటారు. జనం ఆసుపత్రి అద్దాలు పగలగొట్టి పోలీస్ స్టేషన్‌కే పోతారు. మా భయం దానికండీ!

కోనసీమ వకీలు: ఆ దాడి తప్పే, ఒప్పుకుంటాను. కానీ చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద స్క్రబ్ పురుగు కుట్టిన చోట వచ్చే నల్లటి పొక్కు ఉందేమో చూశారా? అది నొప్పి పుట్టదు, రోగి తనంతట చెప్పడు. బట్ట తొలగించి వెతకాల్సింది మీరే.

అమలాపురం డాక్టర్: చాలామందికి పొక్కే ఉండదు. వెతికినా దొరకకపోతే అది పొరపాటే. వెతకనే లేదంటే, మూడో రోజుకీ జ్వరం దిగకపోయినా స్క్రబ్‌కి వాడే డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రెండు పూటలా ఇచ్చే ఆలోచనే రాలేదంటే, నేనూ వెనకేసుకురాను. సెఫ్ట్రియాక్సోన్ స్క్రబ్ క్రిమి మీద పనిచేయదు.

తణుకు రైతు: వెతికారో లేదో మాకెలా తెలుస్తుందండీ?

కోనసీమ వకీలు: కేస్ షీట్‌లో (ఆసుపత్రి రాసే రోగి రికార్డులో) ఉండాలి. కాగితం మీద అడగండి, 72 గంటల్లో నకలు ఇవ్వాలి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకి గడువు రెండేళ్లు.

భీమవరం ల్యాబ్: వైడల్ రిపోర్టు కూడా అడగండి, టైటర్‌తో సహా.