పాత డెస్క్‌టాప్‌ని మీడియా సర్వర్‌గా 24 గంటలూ నడపడం దండగా?

మియాపూర్_మామ:
మా ఇంట్లో 2014లో కొన్న డెస్క్‌టాప్ ఉంది, నాలుగో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, ఎప్పటిదో గ్రాఫిక్స్ కార్డు. అటకెక్కించే బదులు దాంట్లో జెల్లీఫిన్ (మన వీడియోలని టీవీకి పంపే ఉచిత సాఫ్ట్‌వేర్) పెట్టి నాన్నగారి షష్టిపూర్తి వీడియోలు, నా డీవీడీల కాపీలు హాల్లో టీవీకి ఇచ్చాను. అమ్మ రిమోట్‌తో తనే పెట్టుకుని చూస్తోంది, పెన్‌డ్రైవ్ గోల తప్పింది. మా బావమరిదేమో "ఈ డొక్కు డబ్బా రాత్రింబవళ్ళు ఆన్‌లో ఉంటే కట్టే బిల్లుకి కొత్తదే వస్తుంది" అని ఒకటే పోరు. ఉన్నదాన్ని వాడుకోక మళ్ళీ కొనడమెందుకని నేను. మీరేమంటారు?

యూనిట్ల_లెక్క:
నా ఓటు మీ బావమరిదికే. అలాంటి మెషిన్ పనేమీ లేకపోయినా 50, 60 వాట్లు లాగుతుంది. 55 వేసుకోండి, రోజుకి 1.32 యూనిట్లు, నెలకి 40. మీకు గృహజ్యోతి (తెలంగాణలో నెలకి 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు) వస్తుంటే ఇంకా డేంజర్, 200 దాటితే పైన కాలినవాటికే కాదు, మొత్తానికీ బిల్లు పడుతుంది, 170 దగ్గరుండే ఇంటికి ఈ డబ్బా ఒక్కటి చాలు. ఇంటెల్ ఎన్100 అనే తక్కువ కరెంటు చిప్‌తో వచ్చే చిన్న కంప్యూటర్ పెట్టెలు ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 10 వాట్లతో సరిపెట్టుకుంటాయి.

గోదారిగట్టు:
లెక్క సరే, అసలు 24 గంటలు ఎవరు చూస్తారండీ? చాలా మదర్‌బోర్డుల బయోస్‌లో (విండోస్ లాంటివి మొదలవ్వక ముందే తెరుచుకునే సెట్టింగుల్లో) రోజూ ఫలానా టైముకి ఆన్ అవ్వమని పెట్టుకోవచ్చు. సాయంత్రం 5కి లేస్తుంది, రాత్రి 11కి షట్‌డౌన్ అయ్యేలా ఒక షెడ్యూల్ పెట్టండి, అయిపోయింది. పనిలో పని, కరెంటు పోయి వస్తే తనంతట తనే ఆన్ అయ్యే సెట్టింగ్ కూడా అక్కడే ఉంటుంది. ఈ మాత్రం దానికి కొత్త పెట్టె కొనిపించేస్తున్నారు, మీకేమైనా కమీషనా గురూ?

యూనిట్ల_లెక్క:
కమీషన్ ఉంటే బాగుండేది. కరెంటు ఒక్కటే అయితే వదిలేసేవాణ్ణి, 10 బిట్ హెచ్‌ఈవీసీ (కొత్త తరహా వీడియో ఫార్మాట్) ఫైల్ వచ్చి టీవీకి అది అర్థం కాకపోతే సర్వరే అప్పటికప్పుడు మార్చి పంపాలి, ఇంటెల్‌లో ఆ ఫైళ్ళని చదివే హార్డ్‌వేర్ పూర్తిగా వచ్చింది ఏడో తరంలో. నాలుగో తరం అంటే భారమంతా ప్రాసెసర్ మీదే, ఫ్యాన్ మోత హాల్లోకి వినిపిస్తుంది.

గోదారిగట్టు:
టీవీ తనే ఆడించగలిగితే సర్వర్ ఫైల్ ఇచ్చి ఊరుకుంటుంది, మార్చేదేముంది? పైగా డీవీడీ అంటే ఎంపెగ్2 అనే పాత ఫార్మాట్, షష్టిపూర్తి వీడియో కూడా డీవీడీదే అయ్యుంటుంది. ఆయనకి లేని జబ్బుకి మీరు మందు రాస్తున్నారు.

కొత్తగా_చేరా:
మధ్యలో వస్తున్నా, ఆ షష్టిపూర్తి వీడియో ఇంకెక్కడైనా కాపీ ఉందా అన్నా? 2014 హార్డ్ డిస్క్ అంటే నాకు టెన్షన్‌గా ఉంది.

మియాపూర్_మామ:
బాబూ, అదొక్కటే ఉంది. ఈ రాత్రికే బయటి డిస్క్‌లోకి ఎక్కిస్తా.
ప్లగ్‌కి మీటర్ పెట్టి చూశా, 58 వాట్లు. ఎవరికీ పనికిరాని ఆ గ్రాఫిక్స్ కార్డు పీకేస్తే 36కి దిగింది! రోజుకి 6 గంటలంటే నెలకి ఆరున్నర యూనిట్లు. మధ్యాహ్నం సీరియల్ టైములో అమ్మకి వీడియోలు కావాలంటే ఏం చెయ్యాలో చూడాలి, బావమరిదికి మాత్రం 58 సంగతి చెప్పను.