అప్‌డేట్: ఆన్‌లైన్ నెట్‌వర్క్ స్కీములో కట్టిన 12,000లో 9,500 వెనక్కి వచ్చింది

కోర్సు ప్యాకేజీ అంటే నమ్మి యూపీఐలో రూ.12,000 కట్టేశాను, ఎలా బయటపడాలి అని మార్చిలో అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. పనిచేసింది 1915కి, అంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి, ఇచ్చిన ఫిర్యాదే. స్కీము వాళ్ల గ్రూపులోంచి బయటికి రాకముందే మెసేజులన్నీ సేవ్ చేసుకోమన్నవాళ్లకి రుణపడి ఉంటాను. "కోర్సు చూడక్కర్లేదు, ఇద్దర్ని చేర్పించు చాలు" అన్న వాయిస్ మెసేజే కీలకమైంది. మూడు వారాల్లో 9,500 పడింది. నేనే పిన్ కొట్టి పంపాను కాబట్టి బ్యాంకు ఏమీ చేయలేమంది. స్కీము వాళ్ల జీఎస్టీ నంబరు అసలుదేనా అని తెగ వెతికాను, దానితో పనే పడలేదు.

లాయరు చెప్పాకే తెలిసింది: 1978 చట్టం ప్రకారం ఇలాంటి మనీ సర్క్యులేషన్ స్కీము (కొత్తవాళ్లని చేర్పిస్తే డబ్బు వస్తుందనే స్కీము) నడపడమే కాదు, అందులో చేరడమూ నేరమే. నా మాట నమ్మి చేరిన మా పిన్ని కూతురికి తను కట్టినదంతా నేనే ఇచ్చేశాను.