సమస్యాపూరణం: పోయినట్టి తాత పూజ చేసె

మూలాపేట

ఈ వారం సమస్య ఇచ్చే వంతు నాది. ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలు మీరు పూరించాలి.

*పోయినట్టి తాత పూజ చేసె*

కొత్తగా చేరినవారి కోసం లక్షణం ఒక్కసారి గుర్తు చేస్తాను. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి నాలుగో గణం మొదటి అక్షరానికి. ఇచ్చిన పాదంలో పో–పూ అలా కలిశాయి.

ఈసారి ఒక షరతు పెడుతున్నాను. పద్యంలో వీడియో క్యాసెట్టు గానీ, దాన్ని టీవీలో చూడటానికి పడే పాట్లు గానీ కనిపించాలి.

మా తాత 1996లో పోయారు. అంతకు మూడేళ్ల ముందు ఒక కార్తీక సోమవారం ఇంట్లో ఆయన చేసిన అభిషేకాన్ని బాబాయి వీడియో తీయించారు. ఆయన గొంతు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టులోనే. బాబాయి వాళ్లిల్లు పెన్నకు దగ్గర. 2021 నవంబరు వరదలో కింది సామానంతా తడిసింది. క్యాసెట్టు అటక మీద రేకు పెట్టెలో ఉండబట్టి దక్కింది. నీళ్లు తగల్లేదు గానీ తేమ తగిలింది. మొన్న నాయన "ఒక్కసారి ఆయన్ను చూడాలిరా" అన్నారు. ఆయనకు ఎనభై రెండేళ్లు. బీరువా మీద నుంచి క్యాసెట్టు ఆడించే పాత వీసీఆర్ దించాను. దాని వెనక పసుపు, తెలుపు రంధ్రాలు, ఏరియల్ తీగ రంధ్రం ఉన్నాయి. కొత్త టీవీ వెనక చూస్తే హెచ్‌డీఎమ్ఐ (బొమ్మా ధ్వనీ ఒకే తీగలో వచ్చే HDMI) రంధ్రాలు, ఏవి (AV) అని రాసిన ఒక చిన్న గుండ్రటి రంధ్రం. రెండూ ఒకదానికొకటి పొంతన లేనివి.

కల్పన ఎంతైనా చేయండి. తీగ మాత్రం తప్పుగా గుచ్చకండి. యతి తప్పితే ఎలా ఒప్పుకోమో, ఈ వారం తీగ తప్పినా ఒప్పుకోను.

కోవూరు

పెన్న దాటి పోయె పెందలకడలేచి
రంగనాథు గుడికి రథము చూడ
మరలి యింటికేగి మడికట్టుకొని నేడు
పోయినట్టి తాత పూజ చేసె

కోవూరు నుంచి నెల్లూరు రంగనాయకుల రథోత్సవానికి పోయిన తాత తిరిగొచ్చి పూజ చేసుకున్నాడని భావం.

కావలి మాస్టారు

గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. "పోవు" మాటకున్న రెండర్థాల్లో ఊరికి పోవడాన్ని తీసుకొని చిక్కు విప్పారు, అది సమస్యాపూరణంలో పెద్దలు నడిచిన దారే. అయితే మొదటి పాదంలోనే "పోయె" అనేశారు. చివరిదాకా దాచాల్సిన మాట ముందే బయటపడితే నాలుగో పాదంలో ఉలికిపాటు ఉండదు. అక్కడ "పెన్న దాటె మొన్న" అంటే యతి అలాగే నిలుస్తుంది, గుట్టూ నిలుస్తుంది.

మూలాపేట

మాస్టారి సవరణ చాలా బాగుంది. క్యాసెట్టు లేదు కనుక పోటీలోకి తీసుకోలేను. ఇంకోటి రాయండి, ఎదురుచూస్తాను.

అద్దంకి

పసుపు తీగలోన పటమెల్ల పరుగెత్త
తెలుపు తీగలోన తేనె పలుకు
పాత టేపు తిరుగ పండుగ దినమందు
పోయినట్టి తాత పూజ చేసె

ఒంగోలు అక్కయ్య

చదవగానే బొమ్మ కట్టింది. అయినా ఒక సందేహం. పసుపుది బొమ్మకు, తెలుపు ఎరుపు ధ్వనికి కదా. ఎర్ర తీగ ఏమైంది? పద్యంలో చోటు లేక వదిలేశారా?

అద్దంకి

వదల్లేదు అక్కా. మూలాపేట వారి వీసీఆర్ వెనక పసుపు, తెలుపే ఉన్నాయన్నారు. అంటే అది మోనో, ధ్వనికి ఒకే దారి. రెండు దారుల స్టీరియో యంత్రానికే ఎర్రది అవసరం. మోనో వీసీఆర్‌ను తెల్లదానికి మాత్రమే కలిపితే కొన్ని టీవీల్లో ఒక పక్క స్పీకరే పలుకుతుంది. రెండు పక్కలా కావాలంటే ఒకటిని రెండుగా చీల్చే చిన్న పిన్ను కొనుక్కోవాలి.

కావలి మాస్టారు

వస్తువు సరిగ్గా పట్టుకున్నారు. రెండో పాదం దగ్గర మాత్రం అన్వయం ఆగింది. మొదటి పాదంలో "పరుగెత్త", మూడో పాదంలో "తిరుగ" అని క్రియలు ఉన్నాయి, మధ్యలో "తేనె పలుకు" క్రియ లేకుండా వేలాడుతోంది. "తేనె లొలుక" అనండి. పరుగెత్త, ఒలుక, తిరుగ, ఈ మూడూ జరుగుతుండగా తాత పూజ చేశాడని ఒకే వాక్యంగా సాగుతుంది. తె–తే యతికి లోటు లేదు. మొదటి పాదంలో బొమ్మ అని కాక "పటము" అన్నందుకు మెచ్చుకుంటున్నాను. అక్కడ బొ పెడితే ప–బొ అచ్చులు కలవవు.

మూలాపేట

"తెలుపు తీగలోన తేనె లొలుక". ఈ పాదం నాయనకు చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నారు.

కోవూరు

ఇదిగో రెండో ప్రయత్నం.

కొత్త తీగ తెచ్చి గుచ్చితి వెనుకనే
బొమ్మ రాదు రాదు పొద్దుపోయె
మనుమడేవి మీట మార్చిన తోడనే
పోయినట్టి తాత పూజ చేసె

మూలాపేట

ఇది మా ఇంట్లో జరిగినట్టే ఉంది. తీగ గుచ్చితే చాలదు, రిమోట్‌లో సోర్స్ నొక్కి ఏవికి మార్చాలి. "బొమ్మ రాదు రాదు" అని రెండుసార్లు అనడంలో ఆ పూటంతా కూర్చున్న విసుగు వినిపించింది.

మీరు రాసిన ఆ "కొత్త తీగ" గురించి కొంచెం చెప్పాలి. ఒక కొసన హెడ్‌ఫోన్ పిన్ను లాంటిది, రెండో కొసన మూడు రంగుల పిన్నులు ఉండే తీగ అది. చిన్న పిన్ను మీద మూడు నల్ల గీతలు, నాలుగు భాగాలు ఉంటాయి. ఏ భాగం బొమ్మకు, ఏది ధ్వనికి, ఏది ఎర్తుకు అన్నది అన్ని తీగల్లో ఒకలా ఉండదు. పాత కెమెరా తీగను టీవీకి వాడితే రంగులు తారుమారై, బొమ్మ పసుపులో రాక ఎరుపులో రావచ్చు. పిన్నులు మార్చి చూడండి, ఇవి చిన్న సంకేతాలు, మార్చి చూసినంత మాత్రాన సెట్టు చెడిపోదు. టీవీతో పాటు ఇచ్చిన తీగ దొరికితే అన్నిటికంటే మేలు.

గుడ్లూరు

నేను ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి.

బూజు పట్టినట్టి టేపును వేసితే
తుడిచి తుడిచి చూడ తొలగె మబ్బు
హారతిచ్చుచుండ నందరి ముందర
పోయినట్టి తాత పూజ చేసె

కావలి మాస్టారు

ఎర్రన ఊరి నుంచి కొత్త గొంతు వినిపించింది, చాలా సంతోషం తమ్ముడూ. రెండో పాదం చూడు, ఎంత సహజంగా పడిందో. మూడో పాదంలో హా–అం యతి. "చుండ నందరి" అని సంధిలో దాగిన అకారాన్ని హకారంతో కలిపావు, మొదటిసారి రాసేవారు సాధారణంగా అంత దూరం పోరు.

మొదటి పాదంలో యతి తప్పింది. బూకు టే కుదరదు. అక్కడ పవర్గంలో అక్షరం, ఉ ఊ ఒ ఓల్లో అచ్చు కావాలి. నువ్వే ప్రయత్నించు.

మూలాపేట

యతి సంగతి మాస్టారు చెప్పారు, నేను టేపు సంగతి చెబుతాను. ఇది తేలిగ్గా తీసుకునే తప్పు కాదు, పద్యం చదివి ఎవరైనా అలాగే చేస్తారేమోనని భయం.

బూజు పట్టిన టేపును ముందు వేసి తర్వాత తుడవకూడదు. మనది సముద్రం పక్క ఊళ్ల గాలి. పెట్టెలో ఏళ్ల తరబడి ఉన్న క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే చుట్ట అంచున తెల్లటి పొడి కనబడుతుంది. అదే బూజు. అలాంటి టేపును వీసీఆర్‌లో వేస్తే ఆ పొడి లోపల గిర్రున తిరుగుతూ టేపును చదివే హెడ్‌కు అంటుకుంటుంది, దాని మీద నుంచి తర్వాత వేసే మంచి క్యాసెట్లకూ పాకుతుంది. అతుక్కున్న పొరలు లాగినప్పుడు టేపే తెగవచ్చు. ముందు బయట శుభ్రం చేయించాలి, తెలిసినవారి చేత చేయిస్తే మంచిది. హెడ్‌ను తుడవాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి తోలుముక్కను కదలకుండా ఆనించి, హెడ్ ఉన్న డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పాలి. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు వద్దు, దూది పోగు చిక్కుకుంటే హెడ్ విరుగుతుంది. కొత్త వీసీఆర్ కొందామంటే దొరకదు. తయారు చేస్తూ చివరిదాకా మిగిలిన జపాన్ సంస్థ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. ఇంట్లో ఉన్న యంత్రాన్నే కాపాడుకోవాలి.

గుడ్లూరు

అర్థమైంది సార్. మార్చాను.

బూజు పట్టియున్న పొడవైన టేపును
తుడిచి తుడిచి చూడ తొలగె మబ్బు

కావలి మాస్టారు

బూ–పొ. యతి కుదిరింది, వేయడం పోయి తుడవడమే మిగిలింది. ఒక్క సవరణతో రెండు దోషాలూ పోయాయి. "పొడవైన" అన్నది యతి కోసం తెచ్చిన మాటలా కనిపించవచ్చు గానీ వ్యర్థపదం కాదు. మూడు గంటల క్యాసెట్టులో టేపు 250 మీటర్లకు పైనే. అంత పొడవునా తుడవాలంటే "తుడిచి తుడిచి" అనక తప్పదు.

ఒంగోలు అక్కయ్య

నాయనమ్మ కంట నలుసేమొ యనుకొంటి
కాదు కాదు పాత కాలమదియె
తెరను చూచుచుండ తెగి వచ్చె కన్నీరు
పోయినట్టి తాత పూజ చేసె

మా ఇంట్లో మా పెళ్లి క్యాసెట్టు వేసినప్పుడు జరిగింది ఇది. టీవీలో తాతయ్య విఘ్నేశ్వర పూజ చేస్తుంటే నాయనమ్మ కళ్లు ఒత్తుకుంటూనే ఉంది.

అద్దంకి

అక్కా, "తెగి వచ్చె కన్నీరు" అన్నచోట చెరువు కట్ట కనబడింది.

కావలి మాస్టారు

క్యాసెట్టు పేరు ఎత్తకుండా "తెర" ఒక్కటే పెట్టారు. షరతుకు అది చాలుతుందా లేదా అన్నది సమస్య ఇచ్చినవారు చెప్పాలి. కవిత్వం మాత్రం ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇక్కడే ఎక్కువ ఉంది. తాతను చూపకుండా తాతను చూస్తున్న మనిషిని చూపారు.

మూలాపేట

చాలుతుంది. ఆ తెర లేకపోతే ఆ కన్నీరు లేదు.

అద్దంకి

ఒక మాట గమనించారా? ఇంతమంది రాశారు గానీ హెచ్‌డీఎమ్ఐ అన్న మాట ఎవరి పద్యంలోనూ లేదు. నేను రెండు రోజులు ప్రయత్నించి కారణం పట్టుకున్నాను. హెచ్, డీ, ఎమ్, ఐ, వరసగా నాలుగు గురువులు. సూర్య, ఇంద్ర గణాలను ఎలా పేర్చినా మూడు గురువులకు మించి పక్కపక్కన రావు. కనుక ఆటవెలదిలోనే కాదు, తేటగీతిలో, సీసంలో కూడా ఆ పేరు ఇమడదు. కందంలో మాత్రం రెండు గగలు (గగ అంటే రెండు గురువుల గణం) పక్కపక్కన పడతాయి. సమస్యకు బయట అయినా ఒక కందం రాశాను, మన్నించండి.

పెట్టెకు హెచ్‌డీయెమ్మై
గట్టునకటు మూడు రంగు కన్నులు గలవే
నట్టేటి పడవ వోలెను
చిట్టిది కన్వర్టరొకటి చేర్చును దరికిన్

కావలి మాస్టారు

ఇంత ఇంగ్లీషు పేరును కందంలో, అదీ మొదటి పాదంలో కూర్చోబెట్టడం చిన్న పని కాదు. ట్టకార ప్రాస నాలుగు పాదాల్లోనూ నిండుగా ఉంది. ఆరో గణం రెండు చోట్లా సరిపోయింది.

మూలాపేట

పద్యం నాకు చాలా నచ్చింది, అందుకే ఒక అభ్యంతరం గట్టిగా చెబుతున్నాను. పడవ అన్నారు. పడవ అటూ పోతుంది, ఇటూ వస్తుంది. ఈ కన్వర్టర్ ఒక్క వైపే పోతుంది. ఏవి లోపలికి, హెచ్‌డీఎమ్ఐ బయటికి ఉన్న పెట్టె ఒకటి. దానికి తిరగేసింది ఇంకొకటి. చూడటానికి రెండూ అచ్చం ఒకలాగే ఉంటాయి. నేను మొదట తెచ్చింది రెండో రకం. తెర నల్లగానే ఉండిపోయి, నాయన లేచి వెళ్లి పడుకున్నారు. "ఇన్" అని రాసిన వైపు మూడు రంగుల రంధ్రాలు ఉన్నాయో లేదో చూసి కొనాలి. దానికి 5 వోల్టుల కరెంటు కూడా వేరే తీగతో ఇవ్వాలి, ఫోన్ ఛార్జర్ చాలు.

అద్దంకి

నిజమే. నీరు ఒక్క వైపే పోయేది ఏదని ఆలోచిస్తే మా ఊరి చెరువు తూము గుర్తొచ్చింది. మూడు నాలుగు పాదాలు మారుస్తున్నాను.

కట్టకు తూమును బోలుచు
చిట్టిది కన్వర్టరొకటి చేనికి జేర్చున్

కావలి మాస్టారు

రెండో పాదంలో "గట్టునకటు" అన్నది ఇప్పుడు చెరువు గట్టు అయింది. పద్యమంతా ఒకే ఊళ్లో నిలబడింది.

కోవూరు

నాదొక ప్రశ్న. మా అన్న అమెరికా నుంచి పంపిన క్యాసెట్టు మా వీసీఆర్‌లో వేస్తే బొమ్మ నలుపు తెలుపులో పైకి కిందికి దొర్లుతోంది. బూజు లేదు.

అద్దంకి

అది బూజు పని కాదండీ. టీవీ బొమ్మకు మనది పాల్ పద్ధతి, 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అక్కడిది ఎన్‌టీఎస్‌సీ, 525 గీతలు, సెకనుకు దాదాపు 30. రెండూ ఆడే వీసీఆర్ ఎవరి దగ్గరైనా ఉందేమో వెతకాలి.

మూలాపేట

ఆదివారం సాయంత్రం మా ఇంట్లో తాత కనబడ్డారు.

టేపు శుభ్రం చేయించాక, సరైన కన్వర్టర్‌తో కలిపాను. మొదట తెర మాటిమాటికీ నీలంగా మారిపోయింది. పాత గొట్టపు టీవీ ఊగే బొమ్మను ఓర్చుకొని చూపేది, కొత్త టీవీ సంకేతం కాస్త తడబడగానే సిగ్నల్ లేదనేస్తుంది. టేపు చదివే తీరును సర్దే ట్రాకింగ్ మీట మెల్లగా తిప్పుతూ పోతే అడుగున ఉన్న మచ్చల పట్టీ తెర కిందికి జారిపోయి బొమ్మ నిలిచింది. తాత బాగా లావుగా కనిపించారు. నాయన "ఆయన ఇట్టా ఉండేవారు కాదు" అన్నారు. తెర కొలతను పాత టీవీల 4:3కి మార్చాను. అప్పుడు మనిషి మనిషిలా వచ్చారు, బక్కగా, వంగిన వీపుతో. అభిషేకం మధ్యలో ఆగి, పక్కన కూర్చున్న పిల్లాడిని "గంట కొట్టరా" అన్నారు. ఆ పిల్లాడిని నేనే. ఆ మాట అన్నారని నాకు గుర్తే లేదు.

నా పూరణ.

మూడు నాళ్ళు తీగ ముళ్ళు విప్పితిగాదె
గంట మోగె నింట గదిలె బొమ్మ
పక్కనున్న నన్ను పలుకరించుచు నేడు
పోయినట్టి తాత పూజ చేసె

కావలి మాస్టారు

"నేడు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. అక్కడ "నాడు" అని వేసినా గణం చెడదు, యతి చెడదు. కానీ చిక్కు ముందే విడిపోయేది. నేడు అన్నారు కనుక సమస్య చివరిదాకా సమస్యగానే ఉంది. దోషం ఏమీ చెప్పను.

ఒక పని మాత్రం ఆలస్యం చేయకండి. ఈ వారమే ఆ బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించి రెండు చోట్ల దాచండి. టేపును మొదటికి చుట్టి, పుస్తకంలా నిలువుగా నిలబెట్టి, తడి తగలని చోట పెట్టండి.

మూలాపేట

ఎక్కిస్తున్నాను మాస్టారూ. ఇప్పుడు సగం అయింది. నాయన పక్కనే కూర్చుని మళ్లీ చూస్తున్నారు.