అబ్ధి అంటే నాలుగా, ఏడా? పావులూరి మల్లన పద్యం

మొన్న ఒకరు ఇక్కడ అడిగారు: "సప్త సముద్రాలు అంటాం కదా, మల్లన పద్యంలో అబ్ధికి నాలుగు ఎట్లా వేస్తారు?" మంచి ప్రశ్న. రెండు రోజులు నన్ను వదల్లేదు. అబ్ధి అంటే సముద్రం; మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పిన పాత కవి.

చదరంగంలో మొదటి గడికి ఒక గింజ, ఆ తర్వాత గడిగడికీ రెట్టింపు. 64 గళ్లలో మొత్తం ఎన్ని గింజలో మల్లన అంకెల బదులు మాటల్లో చెప్పాడు: శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు. శరం, సాయకం అంటే మన్మథుడి బాణాలు, ఐదు. రంధ్రాలు తొమ్మిది, ఆకాశం (వియత్, గగనం) సున్న, బ్రహ్మ ముఖాలు (పద్మజాస్య) నాలుగు, అగ్నులు మూడు, తర్కాలు ఆరు, కుంజరాలు అంటే దిక్కుల ఏనుగులు ఎనిమిది. నగ, భూధర, గిరి మూడూ మా హన్మకొండ మాటలో గుట్టలే, కులపర్వతాల లెక్కన ఏడు. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు రాసుకుంటూ పోతే 18446744073709551615 వస్తుంది.

ఇందులో సముద్రం రెండుసార్లు వచ్చింది, అబ్ధి, పయోనిధి. రెండుచోట్లా ఏడు వేసి చదివినా పద్యం మారదు కాబట్టి ఛందస్సు తీర్పు చెప్పలేదు. లెక్కనే అడగాలి. ముందు మూడుతో చూశాను, గింజల మొత్తం మూడుతో నిశ్శేషంగా పోవాలి కనుక. నాలుగులతో అంకెల మొత్తం 87, ఏడులతో 93. రెండూ మూడుతో పోతాయి, తేలలేదు.

పదిహేడు తేల్చింది. ఎనిమిదిసార్లు రెట్టింపు చేస్తే ఒకటి 256 అవుతుంది, దాన్ని 17తో భాగిస్తే ఒకటి మిగులుతుంది. అట్లా ఎనిమిది విడతలు, 64 రెట్టింపులు చేసినా మిగిలేది ఒకటే. గింజల మొత్తం ఆ 64 రెట్టింపుల సంఖ్యకు ఒకటి తక్కువ, కనుక 17తో నిశ్శేషంగా పోవాలి. తొమ్మిదో తరగతి చదివే మా బిడ్డ కాగితం మీద భాగించింది: నాలుగులతో 1085102592571150095 సార్లు, శేషం సున్న. ఏడులతో శేషం ఎనిమిది. ఆ సున్న పడగానే కేక వేసింది.

సంప్రదాయం కూడా అదే చెబుతుంది. ప్రవర చెప్పేటప్పుడు "చతుస్సాగర పర్యంతం" అంటారు కదా, అంకెల మాటల్లో ఎక్కువగా వాడేది ఆ నాలుగు సాగరాలనే.

తర్వాత ఇద్దరం పలక మీద వడ్లగింజలు పేర్చాం. ఎనిమిదో గడికి 128, గింజలు పక్క గడిలోకి పొర్లాయి. రెండు వరుసలు నింపాలంటేనే 65,535 కావాలి, ఆపేశాం.

పద్యాన్ని మళ్లీ చదువుతుంటే ఇంకొకటి కనబడింది. ఒకటికి చంద్రుడు మూడు పేర్లతో వచ్చాడు: శశి, చంద్ర, తుహినాంశు. రెండుకు వాడే నేత్రం, కరం, పక్షం మాత్రం ఎక్కడా లేవు. రెట్టింపులతోనే పెరిగిన ఈ ఇరవై అంకెల సంఖ్యలో రెండు ఒక్కసారి కూడా రాలేదు.