అప్‌డేట్: నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా ఇప్పుడు రోజూ చేతికే ఉంటోంది

నాన్నగారి పాత హెచ్‌ఎంటీ జనతాను, అంటే కీ ఇచ్చే చేతి వాచీని, రోజూ పెట్టుకోవచ్చా, అది ఉన్నట్టుండి రోజుకు పావుగంట ముందుకు ఎందుకు పోతోంది అని లోగడ అడిగాను. ముందు అయస్కాంతం పట్టిందేమో చూపించుకోమని చాలామంది సలహా ఇచ్చారు.

రిపేరు చేసే పెద్దాయన వాచీని విప్పకముందే దాని పక్కన చిన్న దిక్సూచిని పెట్టారు. లోపలి చక్రం ఊగుతున్న కొద్దీ ముల్లు సన్నగా వణికింది. వెంట్రుకలాంటి హెయిర్ స్ప్రింగ్ చుట్లు అయస్కాంత ప్రభావంతో ఒకదానికొకటి అంటుకుంటే స్ప్రింగ్ పనిచేసే పొడవు తగ్గుతుందని, దానితో ఆ ఊగే చక్రం (బ్యాలెన్స్ చక్రం) వేగంగా ఊగి సమయం ముందుకు పోతుందని వివరించారు. అయస్కాంత ప్రభావాన్ని పోగొట్టే డీమాగ్నెటైజర్ మీద కొన్ని క్షణాలు ఉంచేసరికి ఆ పరుగు ఆగింది. అయితే లోపలి నూనె ఎండి జిగురుగా మారడంతో పూర్తి సర్వీసింగ్ కూడా చేయించాను. డయల్‌కు మాత్రం రంగు వేయనివ్వలేదు. కొత్త రంగు కంటే పాత మచ్చలే నయమని నా అభిప్రాయం.

ఇప్పుడు ఉదయం వాచీని చేతికి పెట్టుకోకముందే కీ ఇస్తున్నాను, ఎందుకంటే చేతికి ఉండగా తిప్పితే కీ కాడ మీద పక్క ఒత్తిడి పడుతుంది. బిగుసుకున్నట్టు అనిపించగానే ఆపేస్తాను. వానలో జేబులోకి, ప్లాస్టిక్ సంచిలోకి వెళుతుంది. అయస్కాంతపు మూత ఉన్న ఫోన్ కవరు మార్చేశాను. యాక్రిలిక్ అద్దం మీది గీతలు పాలిష్ పేస్టుతో చాలావరకు పోయాయి.

తేడా ఇప్పుడు రోజుకు అర నిమిషం లోపే ఉంటోంది. మూడు నాలుగేళ్లకోసారి నూనె మార్పించమన్నారు.