ఊరి చుట్టూ మంచి నడకదారులు: మీరెలా పట్టుకుంటున్నారు?

కొండలకొత్త:
మొన్న ఆదివారం యాప్‌లో మొదట కనిపించిన ట్రెయిల్‌కి రేటింగ్ చూసి వెళ్లి బుక్కైపోయాను. కారు పెట్టడానికే నలభై నిమిషాలు. ఎక్కినంతసేపూ ముందు మనిషి వీపు తప్ప ఏమీ కనిపించలేదు. పైన ఫొటో రాయి దగ్గర క్యూ. పిట్ట కూతలకు బదులు ఎవరిదో బ్లూటూత్ స్పీకర్ మోగుతోంది. గంట ప్రయాణంలో ఉండే దారులు, చిన్న చిన్న అడవులు, చెరువు గట్లు మీరంతా ఎలా వెతుక్కుంటున్నారు? ఏ ఊరికైనా పనికొచ్చే పద్ధతి చెప్పండి. నాకు వారానికి ఒక పూటే ఖాళీ. మామూలు నడక అలవాటే గానీ కొండలు కొత్త.

గట్టుదాటినోడు:
రేటింగ్ అంటే ఎంతమంది వెళ్లారన్న లెక్కేనండీ, దారి ఎలా ఉందన్నది కాదు. పార్కింగ్ బాగుంటే చాలు, ఐదు చుక్కలు ఇచ్చేస్తారు. నేను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిచి ఊరి చుట్టూ ఆకుపచ్చ మచ్చలు వెతుకుతాను. 2004 నుంచి జనం చేతుల మీదుగా తయారవుతున్న మ్యాప్ అది. మిగతావాటిలో లేని సన్న కాలిబాటలు కూడా చుక్కల గీతలుగా కనిపిస్తాయి. ఆ తర్వాత కాంటూర్ గీతలున్న మ్యాప్ చూడాలి, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు. గీతలు ఒకదానికొకటి అంటుకున్నట్టుంటే నిట్టనిలువు, దూరదూరంగా ఉంటే తేలిక. ఇది చూడటం వస్తే సగం రివ్యూలు చదవక్కర్లేదు. అయితే గీత ఉన్నంత మాత్రాన వెళ్లొచ్చని కాదు. ప్రైవేటు పొలమో, మూసేసిన అడవో కావచ్చు. అక్కడి నోటీసు బోర్డు ఏం చెబితే అదే ఫైనల్.

పిట్టలపిచ్చి:
కొండలు వదిలేసి ఈబర్డ్ తెరవండి. 2002లో మొదలైన సైట్ అది, పక్షులు చూసేవాళ్లు ఎక్కడ ఏం చూశారో రాసి పెడతారు. మీ ఊరి చుట్టూ ఉన్న హాట్‌స్పాట్లలో ఎక్కడ ఎక్కువ జాతులు కనిపించాయో చూడండి. ట్రెక్కింగ్ లిస్టుల్లో పేరే లేని చెరువులు, చిత్తడి నేలలు అక్కడ బయటపడతాయి. నా ఫేవరెట్ చోటు అలా దొరికిందే. చుట్టూ తిరిగితే మూడు కిలోమీటర్లు కూడా ఉండదు, ఎక్కుడే లేదు. సూర్యోదయమైన మొదటి రెండు గంటల్లో వెళ్తే అక్కడ కనిపించేది వేరే లోకం. పదింటికి వెళ్తే ఉత్త నీళ్లు.

బాటసారి_77:
మూడు కిలోమీటర్లు తిరిగి దాన్ని హైక్ అంటే ఎలా భయ్యా :)

పిట్టలపిచ్చి:
@బాటసారి_77 ఆ మూడు కిలోమీటర్లకు నాకు మూడు గంటలు పడుతుంది. మీరు కొండెక్కి చూసింది చెప్పండి, నేను గట్టు మీద నిలబడి చూసింది చెబుతాను, ఎవరిది పొడుగో చూద్దాం.

లెక్కలమాష్టారు:
కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది దూరం దగ్గర కాదు, టైమ్ దగ్గర. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ కొండలాయన ఒక లెక్క చెప్పాడు, ఇప్పటికీ పనికొస్తోంది. ఐదు కిలోమీటర్లకు గంట. పైగా ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అంటే 10 కిలోమీటర్ల దారిలో మొత్తం 600 మీటర్ల ఎక్కుడుంటే మూడు గంటలు. ఇది ఆగకుండా నడిచేవాళ్ల లెక్క. ఫొటోలు, కూర్చోవడాలు, పిల్లలు ఉంటే నేను ఒకటిన్నర రెట్లు వేసుకుంటాను. వచ్చిన జవాబును సూర్యాస్తమయం నుంచి వెనక్కి లెక్కేసి, ఇంకో గంట తీసేసి బయల్దేరండి.

మోకాలుబాబు:
ఆ గంట తీసెయ్యకే నాకు బుద్ధొచ్చింది. మధ్యాహ్నం బయల్దేరాం, పైకి చేరేసరికి ఎండ పసుపు రంగులోకి తిరిగింది. దిగడమే కదా అనుకున్నాం. మలుపులు మలుపులుగా ఉన్న దారిని వదిలి, నిట్టనిలువుగా దిగే అడ్డదారి పట్టాం. వదులు గులకరాళ్లు. అడుగేసినప్పుడల్లా కాలు జానెడు ముందుకు జారుతోంది, దాన్ని ఆపడానికి తొడ బిగుస్తోంది. ఇరవై నిమిషాలకు నిలబడినా మోకాళ్లు వాటంతటవే వణకడం మొదలైంది. చీకటి పడింది. ఫోన్‌లో తొమ్మిది శాతం, టార్చి కూడా అదే. చివరికి కూర్చుని, చేతులు వెనక్కి ఆనించి జరుగుతూ దిగాం. ప్యాంటు వెనకాల చిరిగిందని ఇంటికొచ్చాకే తెలిసింది. అసలు నొప్పి ఆ రోజు కాదు, రెండో రోజు. మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి దిగేవాణ్ణి.

అప్పటినుంచి హెడ్‌ల్యాంప్ పగలు వెళ్లినా బ్యాగులో ఉంటుంది. దిగేటప్పుడు కర్రలు వాడతాను, మోకాళ్ల మీద బరువు బాగా తగ్గుతుంది. ముసలాడిలా ఉన్నావని నవ్వినవాళ్లే సగం దారిలో ఒకటి అప్పు అడుగుతారు.

గట్టుదాటినోడు:
@మోకాలుబాబు ఆ అడ్డదారుల వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. నాలుగు వానలకు అది కాలువైపోతుంది, మట్టంతా కొట్టుకుపోయి అసలు దారే తెగుతుంది. బురద ఉన్నా సరే, పక్కనున్న గడ్డి మీంచి కాకుండా మధ్యలోంచే నడవాలి. బూట్లు కడుక్కోవచ్చు.

ఫోన్ గురించి ఒక మాట. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ముందే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సిగ్నల్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తినేసేది ఆగుతుంది.

తడిసినకోడి:
కాటన్ సాక్సులు వద్దు, చెమట పట్టి అలాగే ఉంటాయి, బొబ్బలు ఖాయం. మడమ చురుక్కుమనగానే ఆగి టేప్ వెయ్యాలి. పైకి వెళ్లాక చూద్దాం అంటే అప్పటికే లేచిపోతుంది.

ఉరుము విషయం ఎవరూ చెప్పలేదు. మెరుపు కనిపించాక ఉరుము వినిపించే దాకా సెకన్లు లెక్కపెట్టండి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు వస్తే ఆ మబ్బు పది కిలోమీటర్లలోపే ఉన్నట్టు, శిఖరం మీదా ఒంటరి చెట్టు కిందా ఉండకూడదు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ పైకి వెళ్లొద్దు. నా పేరు ఊరికే రాలేదు.

బాటసారి_77:
ఈల కూడా పెట్టుకోండి, అరుపు కన్నా దూరం పోతుంది. ఆల్ప్స్‌లో సాయం కావాలంటే నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదుతారు. అమెరికాలో మూడుసార్లు. ఎక్కడైనా సరే, కాసేపు ఆగి మళ్లీ అదే లెక్కలో ఊదితే ఊరికే ఊదట్లేదని తెలుస్తుంది.

పిట్టలపిచ్చి:
మెర్లిన్ యాప్ పెట్టుకుంటే కూత విని ఏ పిట్టో చెబుతుంది. దయచేసి దాంట్లోని రికార్డింగ్ పైకి వినిపించి పిట్టల్ని పిలవకండి, గూడు కట్టే రోజుల్లో అస్సలు వద్దు. ఎవడో తన చోటు ఆక్రమించడానికి వచ్చాడనుకుని, మేత మానేసి అది వెతుక్కుంటూ తిరుగుతుంది. కుక్కల్ని తీసుకురావద్దని బోర్డు ఉండేది కూడా ఇందుకే. నేల మీద గూడు పెట్టే పిట్టలు ఒకసారి బెదిరి లేస్తే గుడ్లు ఎండకు వదిలేసినట్టే.

కొండలకొత్త:
అందరికీ థాంక్సండీ. కాంటూర్ గీతలు చూడగానే తెలిసింది, పోయినసారి నేనెక్కింది ఆ కొండకి అన్నిటికన్నా నిట్టనిలువు వైపట. ఈ వారం కొండ జోలికి పోలేదు. ఈబర్డ్‌లో దొరికిన ఒక చిత్తడి నేలకి ఆరింటికల్లా చేరాను. గేటు దగ్గర నాది రెండో బండి. మొదటి గంటలో ఏమీ కనిపించక @పిట్టలపిచ్చి గారిని తిట్టుకున్నాను. తర్వాత గట్టు మీద కూర్చుంటే, ఐదడుగుల దూరంలో మొద్దు అనుకున్నది కన్ను తెరిచింది. కొంగ. దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో గానీ, లేవబోతే కాలు తిమ్మిరెక్కి పడబోయాను.

వచ్చే వారం ఆ కొండనే రెండో వైపు నుంచి ఎక్కుతాను. లెక్కేస్తే రెండు గంటల ముప్పావు, ఒకటిన్నర రెట్లంటే నాలుగు పైనే. @మోకాలుబాబు, ఆ కర్రలు అద్దెకిస్తారా?