అప్‌డేట్: ఇమ్యునోథెరపీ మధ్యలో నాన్నగారి నీరసం, కారణం తెలిసింది

నాన్నకి నాలుగో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్, క్లినికల్ ట్రయల్‌లో నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు ఇమ్యునోథెరపీ మందులు కలిపి ఇస్తున్నారు, మంచం దిగలేనంత నీరసం, ఒకటే చలి, జబ్బు ముదిరిందా అని అడిగాను కదా. ముదరలేదు. థైరాయిడ్ మందగించడం!

"టీఎస్‌హెచ్ చూపించారా" అన్నవాళ్లకి చాలా థాంక్స్. థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే హార్మోన్ అది. మామూలుగా 4 దరిదాపుల్లో ఆగాల్సింది 46 వచ్చింది. ఈ మందులు క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే రోగనిరోధక కణాలు ఒక్కోసారి థైరాయిడ్ గ్రంథి మీద కూడా పడతాయట. రెండు మందులు కలిపితే ఆ అవకాశం ఇంకాస్త ఎక్కువ.

డాక్టర్ గారు వెంటనే మాత్ర రాయలేదు, ముందు పొద్దున్నే కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథుల హార్మోన్) పరీక్ష చేయించారు. ఇపిలిముమాబ్ వల్ల మెదడు కింద ఉండి మిగతా గ్రంథుల్ని నడిపే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని కార్టిసాల్ పడిపోయి ఉంటే, అది సరిచేయకుండా థైరాయిడ్ మాత్ర ఇవ్వడం ప్రమాదమట. కార్టిసాల్ నార్మల్. దాంతో పరగడుపున లెవోథైరాక్సిన్ అనే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు, బహుశా జీవితాంతం వాడాలి.

కొన్ని వారాలకి స్వెటర్ తీసేశారు, పేపర్ మొత్తం చదివి మాతో వాదనకి దిగుతున్నారు. ట్రయల్ వాళ్లు దుష్ప్రభావంగా రాసుకున్నారు తప్ప మందులు ఆపలేదు. స్టెరాయిడ్లు అవసరం పడలేదు. కొందరు చెప్పిన ఐరన్ మాత్రలు, ప్రోటీన్ పొడితో ఈ నీరసం తగ్గేది కాదు, హిమోగ్లోబిన్ బాగానే ఉంది. కొత్తగా ఆయాసం, దగ్గు, విరేచనాలు వస్తే మాత్రం అదే రోజు ఫోన్ చేయమన్నారు.